ఆఫీసు నెట్‌వర్క్ ఎవరి చేతిలో ఉంది?

ఐదారు కంప్యూటర్లున్న ఏ ఆఫీసుకైనా వెళ్లి, "మీ రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందండీ?" అని అడిగి చూడండి. యజమాని గుమాస్తా వైపు చూస్తారు. గుమాస్తా, "నెట్ పెట్టిన అబ్బాయికి తెలుసండీ" అంటాడు. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే అతను ఆ ఉద్యోగం మానేసి ఏడాదైందంటాడు. బీరువా తాళాలు నడుముకి దోపుకుని తిరిగే మనిషి, చెక్కుబుక్కు కొడుకు చేతికి కూడా ఇవ్వని మనిషి, తన లెక్కలన్నీ వచ్చి పోయే దారిని మాత్రం పేరు కూడా గుర్తులేని ఒక కుర్రాడికి వదిలేశారన్నమాట.

ఈ పూట నేను మాట్లాడబోయేది పెద్ద కంపెనీల సంగతి కాదు. వాళ్లకి ఈ పని చూసుకోవడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనుషులుంటారు. ఆడిటరు గారి ఆఫీసు, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు, పంటి డాక్టరు క్లినిక్, ప్రైవేటు స్కూల్లో ఫీజులు కట్టించుకునే గది, ఇలాంటి చోట్ల సంగతి చెబుతాను. వీటిలో ఉండే సరంజామా దాదాపు ఒక్కటే. నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె, ఒక రూటర్, వైర్లన్నీ వచ్చి కలిసే ఒక స్విచ్, నాలుగు నుంచి పది సిస్టమ్‌లు, ప్రింటరు, సీసీ కెమెరాలు, లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్. చిక్కులూ దాదాపు ఒక్కటే. వాటిలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు, ఎవరో ఒకరు పట్టించుకుంటే చాలు.

ఎనిమిది సిస్టమ్‌ల ఆడిటరు ఆఫీసే ఉదాహరణగా తీసుకుందాం. ముందు తేల్చుకోవాల్సింది వైరా, వైఫైనా అన్నది. ఈమధ్య అందరూ వైఫై చాలంటున్నారు. గోడ పగలగొట్టక్కర్లేదు, కేసింగ్ కొట్టక్కర్లేదు, నిజమే. కానీ బల్ల మీద కదలకుండా ఏళ్ల తరబడి ఉండే కంప్యూటర్‌కి వైఫై ఎందుకు? రిటర్నులు వేసే ఆఖరు రోజు సాయంత్రం, ఎనిమిది మంది ఒకే టాలీ డేటా మీద పడినప్పుడు, మధ్యలో రెండు గోడలూ ఒక ఇనప బీరువా ఉన్నప్పుడు వైఫై ఏం చేస్తుందో పని చేసినవాళ్లకి తెలుసు. నా మటుకు నేను, కదలని వస్తువుకి వైరు, చేతిలో తిరిగే వస్తువుకి వైఫై అంటాను. ప్రింటరు కూడా కదలదు కాబట్టి దానికీ వైరే.

ఈ లాన్ వైరు పద్ధతి కొత్తదేమీ కాదు. ఈథర్‌నెట్ అనే ఈ ఏర్పాటుని 1973లో అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ అనే ఇంజనీరు తలపెట్టారు. యాభై ఏళ్లు దాటినా దాన్ని పక్కకి నెట్టిన వస్తువు రాలేదు. దాని షరతులు కూడా తేలికే. స్విచ్ నుంచి కంప్యూటర్ దాకా వైరు వంద మీటర్లు మించకూడదు. మన ఆఫీసుల్లో అంత దూరం ఎలాగూ ఉండదు. కరెంటు వైర్లు వెళ్లే పైపులోనే దీన్నీ దూర్చకూడదు. ఎలక్ట్రీషియన్లు చేసే పనే ఇది, "ఎలాగూ పైపు ఉందిగా" అంటారు. వద్దనండి. పక్క పక్కన నడపాల్సి వస్తే కాస్త ఎడంగా, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించమనండి. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి, అంటే ఆఫీసు నుంచి వెనక గోడౌన్‌కి లాగాలంటే మాత్రం ఆ ముక్క వరకు ఫైబర్ వేయించండి. ఆరుబయట వేలాడే రాగి వైరు, పిడుగు దగ్గర్లో పడితే, ఆ దెబ్బని నేరుగా స్విచ్ దాకా మోసుకొస్తుంది. వర్షాకాలం మొదట్లో కాలిపోయిన స్విచ్‌లతో రిపేరు షాపులకి వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు.

వైరు కొనేటప్పుడు ఒక మోసం గురించి చెప్పాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, మీ ఊళ్లో కొన్నా, క్యాట్ సిక్స్ అని ముద్ర వేసిన పెట్టెల్లో రెండు రకాలుంటాయి. ఒకటి నికార్సైన రాగి. రెండోది అల్యూమినియం తీగ మీద రాగి పూత. చూడ్డానికి రెండూ ఒకటే, ధరలో మాత్రం చాలా తేడా. లోపలి తీగని బ్లేడుతో గీరి చూడండి. రాగి పోయి తెల్లగా మెరిస్తే అది పూతే. 305 మీటర్ల చుట్ట చేత్తో ఎత్తినా తెలుస్తుంది, అల్యూమినియం చుట్ట తేలిగ్గా ఉంటుంది. ఆ తీగ రెండు మూడు సార్లు వంచితే విరుగుతుంది. వైరు ద్వారానే కరెంటు తీసుకునే కెమెరాలకి దాన్ని వాడితే వేడెక్కుతుంది కూడా. గోడలోకి పోయాక మార్చడం కష్టం కనుక, పొదుపు చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చేయండి, ఇక్కడ మాత్రం వద్దు.

క్రింపింగ్, అంటే వైరు కొనకి కనెక్టర్ బిగించడం, దాని సంగతి ఒక్క ముక్క. వైరులో ఎనిమిది తీగలుంటాయి. గిగాబిట్ వేగానికి ఎనిమిదీ సరిగ్గా అందాలి. వాటిలో ఒక్క జత తేడా వస్తే నెట్‌వర్క్ ఆగిపోదు, నిశ్శబ్దంగా పదో వంతు వేగానికి దిగిపోతుంది. అందుకే ఫిట్టింగ్ చేసినవాళ్లు "నెట్ వస్తోంది సార్" అంటే సరిపోదు. ప్రతి సిస్టమ్‌లో లింకు వేగం ఎంత చూపిస్తోందో తెరిచి చూపించమనండి. వెయ్యి ఎంబీపీఎస్ ఉండాల్సిన చోట వంద కనిపిస్తే, ఆ కొన మళ్లీ కట్ చేసి కొత్త కనెక్టర్ వేయాలి. దీనికి ఐదు నిమిషాలు చాలు, అయితే ఫిట్టరు అక్కడ ఉండగానే చేయించాలి.

ఇక స్విచ్. గిగాబిట్ స్విచ్, అవసరానికి నాలుగు రంధ్రాలు ఎక్కువ ఉన్నది తీసుకోండి. దానికీ, రూటర్‌కీ, ఫైబర్ పెట్టెకీ యూపీఎస్ ఉండాలి. కంప్యూటర్లన్నిటికీ యూపీఎస్ పెట్టి, వీటిని మాత్రం మామూలు ప్లగ్గులో పెట్టేస్తారు. కరెంటు పోగానే కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, నెట్‌వర్క్ చస్తుంది, టాలీలో రాస్తున్న వోచరు మధ్యలో తెగుతుంది. ఎర్తింగ్ కూడా ఒకసారి చూపించుకోండి. గొయ్యిలో ఉప్పూ బొగ్గూ వేసి, తర్వాత ఏళ్ల తరబడి నీళ్లు పోయని ఎర్తింగ్ పేరుకే ఉంటుంది.

స్విచ్ దగ్గర జరిగే రెండు విచిత్రాలు చెబుతాను. మొదటిది, ఆఫీసు ఊడ్చేటప్పుడు కింద వేలాడే వైరు కొన ఒకటి కనిపిస్తుంది. అయ్యో ఊడిపోయిందని ఎవరో పుణ్యాత్ములు దాన్ని స్విచ్‌లో ఖాళీగా ఉన్న రంధ్రంలో గుచ్చుతారు. ఆ వైరు రెండో కొన కూడా ఆ స్విచ్‌లోనే ఉంటుంది. అంతే, ఒకే సందేశం గిర్రున తిరుగుతూ లక్షలై, నిమిషంలోపు ఆఫీసు మొత్తం ఆగిపోతుంది. లైట్లన్నీ పిచ్చిపట్టినట్టు ఒకేసారి మిణుకుమిణుకుమంటుంటే ముందు ఇదే వెతకండి. రెండోది, వైఫై సిగ్నల్ అందడం లేదని ఎవరో ఇంట్లో పాత రూటర్ తెచ్చి తన బల్ల దగ్గర తగిలిస్తారు. అది కూడా అందరికీ అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. సగం సిస్టమ్‌లకి ఒక రూటర్ అడ్రసు, మిగతా సగానికి ఇంకో రూటర్ అడ్రసు వస్తాయి. ప్రింటరు కొందరికి దొరుకుతుంది, కొందరికి దొరకదు. ఫిట్టరు వచ్చి నెట్ కంపెనీని తిట్టి, రీస్టార్ట్ చేసి వెళ్లిపోతాడు. మర్నాడు మళ్లీ అదే. "నన్ను అడగకుండా ఈ స్విచ్‌లో ఏదీ పెట్టకూడదు" అని కాగితం మీద రాసి అతికించండి. హాస్యానికి చెప్పడం లేదు, నిజంగానే అతికించండి.

అడ్రసులంటే, ప్రతి పరికరానికీ రూటర్ ఒక అంకె ఇస్తుంది. సాధారణంగా 192.168తో మొదలవుతుంది. ఆ అంకెలు లోపలి వాడకానికే కేటాయించినవి, బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. ఫోన్లకి, ల్యాప్‌టాప్‌లకి రూటర్ ఏది ఇస్తే అది తీసుకోనివ్వండి. ప్రింటరుకీ, టాలీ డేటా ఉన్న సిస్టమ్‌కీ, కెమెరా రికార్డరుకీ మాత్రం ఎప్పుడూ ఒకే అంకె ఉండేలా రూటర్‌లోనే కట్టేయించండి. "నిన్నటిదాకా ప్రింట్ వచ్చింది, ఇవాళ రావట్లేదు" అనే ఫిర్యాదు చాలావరకు దీనితో పోతుంది. ఏ పరికరానికి ఏ అంకె ఇచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. కంప్యూటర్‌లో కాదు, కాగితం మీద. నెట్‌వర్క్ పోయిన రోజు కదా అది కావాలి.

ఇక భద్రత. మొదట రూటర్ దగ్గరే ఆగుదాం.

రూటర్‌కి రెండు పాస్‌వర్డులుంటాయి. ఒకటి వైఫైది, అందరికీ తెలిసింది. రెండోది రూటర్ సెట్టింగులు మార్చే అడ్మిన్ పాస్‌వర్డు. చాలా చోట్ల అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మాటే, అడ్మిన్ అనే మాటే, అలాగే ఉండిపోతుంది. 2017 జూలైలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వాడేవాళ్లకి, ముఖ్యంగా కర్ణాటకలో, మోడెమ్‌లు ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. ఒక వైరస్ ఇంటర్నెట్ మీద తిరుగుతూ ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని మోడెమ్‌లని వెతికి పాడు చేసింది. పాస్‌వర్డు మార్చుకోండని ఆ సంస్థ ఖాతాదారులకి చెప్పుకోవాల్సి వచ్చింది. దానికి ముందు ఏడాది, 2016లో, మిరాయ్ అనే మరో వైరస్ ప్రపంచమంతటా సీసీ కెమెరాలని, వాటి రికార్డర్లని పట్టుకుంది. దాని దగ్గర గొప్ప విద్యేమీ లేదు. అరవై చిల్లర ఫ్యాక్టరీ పాస్‌వర్డుల జాబితా ఉంది, అంతే. వాటిని ఒక్కొక్కటే ప్రయత్నించింది. అలా చేజిక్కిన కెమెరాలతో ఆ అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లని గంటల తరబడి అందకుండా చేసింది. కాబట్టి దొంగలని కనిపెట్టడానికి పెట్టుకున్న కెమెరానే ముందు అనుమానించాల్సిన వస్తువు. దాని పాస్‌వర్డు ఫిట్టింగ్ రోజే, ఫిట్టరు ఎదుటే, మీ చేత్తో మార్చండి.

రూటర్‌లో ఇంకో మూడు మీటలు చూడాలి. బయట నుంచి రూటర్‌ని నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ అనేదుంటే ఆపేయండి. వైఫైలో చేరడానికి డబ్ల్యూపీఎస్ అనే తేలిక దారి ఉంటే ఆపేయండి. దాని ఎనిమిదంకెల పిన్‌ని కనుక్కోవడానికి లెక్క ప్రకారం కోట్ల ప్రయత్నాలు పట్టాలి. కానీ దాని నిర్మాణంలో లోపం వల్ల దాదాపు పదకొండు వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. మూడోది వైఫై రక్షణ పద్ధతి, అది డబ్ల్యూపీఏ 2 గాని 3 గాని అయి ఉండాలి. వెప్ అనే పాత పద్ధతి కనిపిస్తే ఆ రూటర్‌ని పాత సామాన్ల వాడికి ఇచ్చేయండి. అది 2001లోనే పగిలింది.

వైఫై పాస్‌వర్డుగా మన ఆఫీసుల్లో ఎక్కువగా పెట్టేది ఏమిటో తెలుసా? యజమాని ఫోన్ నంబరు. అది బయట బోర్డు మీద పెద్దక్షరాల్లో రాసే ఉంటుంది. పోనీ బోర్డు మీద లేని నంబరు పెట్టారనుకుందాం. మన దేశంలో సెల్ నంబర్లు పది అంకెలు, మొదటిది ఆరు నుంచి తొమ్మిది లోపు. అన్నీ కలిపి నాలుగు వందల కోట్లు. ఎక్కువనిపిస్తుంది గాని, వైఫై సంకేతాన్ని ఒకసారి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లిన మనిషి, ఆటల కోసం వాడే మంచి గ్రాఫిక్స్ కార్డుతో సెకనుకి లక్షల్లో ప్రయత్నించగలడు. ఒక పూట చాలు. దానికన్నా సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మధ్యలో ఏదో అంకె వేసి, ఒక పొడుగు పాస్‌వర్డు పెట్టండి. అరవై మూడు అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. మీకు గుర్తుంటుంది, యంత్రానికి అంతు పట్టదు.

ఎవరో మన వైఫై వాడుకుంటే ఏం పోయింది, నెట్ అన్‌లిమిటెడే కదా అనేవాళ్లున్నారు. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి కొన్ని నిమిషాల ముందు ఉగ్రవాదుల పేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. అది ఎక్కడ నుంచి వచ్చిందని పోలీసులు వెతుక్కుంటూ వెళితే, నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఫ్లాటులో తేలింది. పాపం ఆయనకి ఏమీ తెలియదు. ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. పోలీసుల ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం ఆయనే. మరుసటి ఏడాది టెలికాం శాఖ, వైఫైకి తాళం వేయించాలని నెట్ కంపెనీలకి ఆదేశాలిచ్చింది. మీ కనెక్షన్ నుంచి ఏం వెళ్లినా, మొదట మీ తలుపే తడతారు.

క్లయింట్లు, పేషెంట్లు, పిల్లల తల్లిదండ్రులు వైఫై అడుగుతారు. కాదనలేం. దానికి గెస్ట్ వైఫై అని రూటర్‌లోనే ఇంకో పేరు పెట్టుకునే వీలుంటుంది. ఇంటికి వచ్చినవాళ్లని వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తాం, వంటింట్లోకి పంపించం కదా, ఇదీ అంతే. అందులో చేరినవాళ్లకి ఇంటర్నెట్ దొరుకుతుంది, మీ కంప్యూటర్లు కనపడవు. నేనైతే ఉద్యోగుల సొంత ఫోన్లని కూడా అందులోనే పెట్టమంటాను. వైఫై కెమెరాలుంటే వాటినీ అక్కడే పెట్టండి. వైరు కెమెరాలని విడదీయాలంటే కాస్త ఖరీదైన స్విచ్ కావాలి, పని తెలిసిన మనిషి కావాలి. కొత్తగా ఆఫీసు కట్టుకుంటున్నవాళ్లు అది చేయించుకోవడం మంచిది.

బయటి గుమ్మం అయింది. అసలు నష్టం జరిగేది లోపల. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ బయలుదేరి, కొద్ది రోజుల్లో నూట యాభై దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లని పట్టుకుంది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, మూడు వందల డాలర్లు కడితే తీస్తానంది. ఆ మర్నాడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని స్టేషన్ల కంప్యూటర్లు తెరుచుకోలేదు. ఈ వైరస్ ప్రత్యేకత ఏమిటంటే, ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు. ఒక సిస్టమ్‌లోకి వస్తే చాలు, ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే దారినే పట్టుకుని పక్క సిస్టమ్‌లోకి, అక్కడి నుంచి ఇంకోదానిలోకి దానంతటదే పాకిపోయింది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాదాపు రెండు నెలల ముందు! వేసుకున్నవాళ్ల కంప్యూటర్లకి ఏమీ కాలేదు.

అప్‌డేట్లు ఎందుకు వేసుకోరంటే, కారణం మనందరికీ తెలుసు, పైకి అనం. లైసెన్సు లేని విండోస్, క్రాక్ చేసిన టాలీ. క్రాక్ వేసే కుర్రాడు ముందు చేసే పని యాంటీవైరస్ ఆపేయడం, తర్వాత అప్‌డేట్లు ఆపేయడం. లేకపోతే క్రాక్ నిలవదు. నీతి సంగతి పక్కన పెట్టండి, వ్యాపారం లెక్కన చూసినా ఇది నష్టం బేరమే. వందమంది క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు పెట్టుకున్న కంప్యూటర్‌ని, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాముకి అప్పగించి, కాపలావాణ్ని ఇంటికి పంపేయడం అది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరినవాటికి కొంత గడువుంది. మిగతావి ఆ రోజు నుంచి కొత్త లోపాలకి మందు లేకుండా నడుస్తున్నాయి. మీ ఆఫీసులో అలాంటివెన్ని ఉన్నాయో లెక్క తీయండి. వెంటనే కొనలేకపోతే, కనీసం బ్యాంకు పనులూ టాలీ డేటా వాటి మీద లేకుండా చూడండి.

టాలీ డేటా ఫోల్డరు సంగతి చూద్దాం. దాన్ని అందరికీ కనపడేలా షేర్ చేసేటప్పుడు విండోస్ "ఎవరికి?" అని అడుగుతుంది. తొందరలో "ఎవ్రీవన్" అని, "ఫుల్ కంట్రోల్" అని నొక్కేస్తారు. అంటే ఆఫీసులో ఏ ఒక్క కంప్యూటర్‌లోకి దొంగ ప్రోగ్రాము వచ్చినా, ఆ ఫోల్డరు మొత్తం దాని సొంతం. అలా కాకుండా, డేటా ఉన్న సిస్టమ్‌లో ఒక్కొక్కరికి ఒక్కో పేరుతో ఖాతా పెట్టించి, ఎవరికి ఏ ఫోల్డరు కావాలో అంతవరకే ఇప్పించండి. రోజువారీ పనికి ఎవరి ఖాతాకీ అడ్మిన్ అధికారాలు వద్దు, యజమాని ఖాతాకి కూడా. ముఖ్యంగా యజమాని ఖాతాకి. "నా ఆఫీసులో నాకే అధికారం లేదా?" అని కోపగించుకున్న పెద్దమనుషుల్ని చూశాను. అధికారం ఉంటుందండీ, వేరే ఖాతాలో, వేరే పాస్‌వర్డుతో. కొత్త సాఫ్ట్‌వేర్ వేసే రోజు అది వాడుకుందురుగాని.

హైదరాబాద్‌లో ఏపీ మహేష్ సహకార అర్బన్ బ్యాంకు సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. 2022 జనవరిలో ఆ బ్యాంకు సర్వర్‌లోకి దూరి పన్నెండు కోట్లకు పైగా సొమ్ము వేరే ఖాతాలకి మళ్లించారు. నగర పోలీసులు దర్యాప్తు చేసి చెప్పిందేమిటంటే, అంతకు ముందు నవంబరులోనే బ్యాంకు ఉద్యోగులకి రెండు వందలకు పైగా దొంగ ఈమెయిళ్లు వచ్చాయి. ఇద్దరు నొక్కారు. అంత మాత్రానికే దారి దొరికింది. సరైన ఫైర్‌వాల్ ఏర్పాటు లేదనీ, అన్ని అధికారాలూ ఉండే సూపర్ యూజర్ ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయనీ పోలీసులు చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకి అరవై ఐదు లక్షల జరిమానా వేసింది. ఆ ఇద్దరు ఉద్యోగులని తప్పుపట్టి ఊరుకోవడం తేలిక. రెండు వందల మెయిళ్లలో ఎవరో ఒకరు నొక్కుతారు, మీ ఆఫీసులోనూ నొక్కుతారు. నొక్కిన మనిషి కంప్యూటర్ నుంచి ఎంత దూరం పోగలరన్నదే అసలు ప్రశ్న. దాన్ని తేల్చేది ఆ ఉద్యోగి కాదు, ఖాతాలూ అధికారాలూ పంచిన యజమాని.

ఇంటి నుంచి పని చేసుకోవడం గురించి. ఆడిటరు గారికి రాత్రి ఇంటి దగ్గర నుంచి ఆఫీసు సిస్టమ్ కావాలి. నెట్ కుర్రాడు రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ అని ఒక రంధ్రం పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్ మీదకి తెరిచి పోతాడు. ఇలాంటి తెరిచిన తలుపుల కోసమే యంత్రాలు పగలూ రాత్రీ ప్రపంచమంతా వెతుకుతుంటాయి. మీది చిన్న ఆఫీసని వాటికి తెలియదు, తెలిసినా జాలిపడవు. దాన్ని మూయించి, వీపీఎన్ అనే తాళం వేసిన దారి ఉన్న రూటర్ పెట్టించుకుని, దాని లోపలి నుంచే రండి. దూరం నుంచి సిస్టమ్‌ని నడిపే ఎనీడెస్క్ లాంటివి వాడితే, పని ఉన్నప్పుడు మాత్రమే తెరిచి, అయ్యాక మూసేయండి. మీరు పిలవకుండా ఫోన్ చేసి "బ్యాంకు నుంచి", "టాలీ నుంచి" అని చెప్పి దాన్ని వేసుకోమనేవాడు ఎవడైనా సరే దొంగే. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఇన్ని చేసినా ఒక రోజు పొరపాటు జరగొచ్చు. ఆ రోజు నిలబెట్టేది బ్యాకప్ ఒక్కటే. బ్యాకప్ ఉందా అంటే ఉందండీ అంటారు, చూస్తే అదే కంప్యూటర్‌లో డి డ్రైవులో ఉంటుంది. లేదా ఎప్పుడూ తగిలించే ఉండే బయటి హార్డ్‌డిస్క్‌లో. తాళం వేసే వైరస్‌కి సీ డ్రైవూ డీ డ్రైవూ తేడా లేదు, తగిలించి ఉన్నదేదైనా దాని పాలే. రెండు హార్డ్‌డిస్క్‌లు కొనండి. ఒక వారం ఒకటి, ఒక వారం రెండోది. కాపీ అవగానే పీకేయండి, ఒకటి ఎప్పుడూ యజమాని ఇంట్లో ఉండాలి. డిస్క్‌కి పాస్‌వర్డు పెట్టండి, ఆటోలో పోగొట్టుకున్నా గండం ఉండదు. వారంలో జరిగిన పని కోసం రోజూ రాత్రి క్లౌడ్‌లోకి ఒక కాపీ వెళ్లాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకి ఇది ఇష్టం మీద వదిలేసిన విషయం కూడా కాదు. లెక్కల పుస్తకాల బ్యాకప్‌ని మన దేశంలో ఉన్న సర్వర్‌లో రోజూ పెట్టాలని 2022 ఆగస్టులో కంపెనీల నిబంధనలు మార్చారు.

అన్నిటికన్నా ముఖ్యం, మూడు నెలలకోసారి ఆ బ్యాకప్ నుంచి ఒక కంపెనీ డేటాని వేరే సిస్టమ్‌లోకి తెచ్చి, టాలీలో తెరిచి, ముగింపు నిల్వ సరిపోయిందో లేదో చూడండి. చాలామంది బ్యాకప్‌ని మొదటిసారి తెరిచేది ఆపద వచ్చిన రోజే. ఆ రోజు తెలుస్తుంది, ఎప్పుడో ఏడు నెలల కిందటే కాపీ అవడం ఆగిపోయిందని.

ఉద్యోగం మానేసిన మనిషి సంగతి ఎవరూ పట్టించుకోరు. వెళ్లేవాళ్లకి సన్మానం చేస్తాం, శాలువా కప్పుతాం, బాకీ జీతం ఇస్తాం. ఆ సాయంత్రమే అతని ఖాతా మూసి, వైఫై పాస్‌వర్డు, ఆఫీసు ఈమెయిల్ పాస్‌వర్డు, జీఎస్టీ, టీడీఎస్ లాగిన్లలో అతనికి తెలిసినవన్నీ మార్చాలి. మనిషి మంచివాడా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. రేపేదైనా జరిగితే అతని మీదకి మాట రాకుండా ఉండటానికి కూడా అదే మేలు. నోటుపుస్తకం అన్నాను కదా, ఎవరికి ఏ లాగిన్ ఇచ్చారో అందులోనే రాసుకోండి. అడ్మిన్ పాస్‌వర్డు మాత్రం విడిగా కవరులో పెట్టి, అంటించి, మీ బీరువాలో పెట్టండి. నెట్ కుర్రాడికి అవసరమైతే ఇవ్వండి, పని అయ్యాక మార్చండి. అతను నొచ్చుకోడు. పని తెలిసినవాడైతే అతనే మార్చమంటాడు.

చివరిగా, నిజంగా దెబ్బ తగిలితే ఏం చేయాలి? తెర మీద డబ్బు అడిగే సందేశం కనిపించగానే ఆ సిస్టమ్ లాన్ వైరు పీకండి, వైఫై ఆపండి. ఏ సిస్టమ్ నుంచి పాకుతోందో తెలియకపోతే స్విచ్ మొత్తం ఆపేయండి. సందేశాన్ని ఫోన్‌తో ఫోటో తీయండి. ఫార్మాట్ కొట్టేయమని కంగారు పెట్టేవాళ్ల మాట వినకండి, ఆధారాలు పోతాయి. డబ్బు కట్టకండి, కట్టినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు. యూరప్ పోలీసులు కొందరు 2016లో మొదలుపెట్టిన నో మోర్ ర్యాన్సమ్ అనే ఉచిత సేవ ఉంది. కొన్ని రకాల వైరస్‌లకి అక్కడ తాళం చెవులు దొరుకుతాయి. సంస్థలు ఇలాంటి దాడిని తెలిసిన ఆరు గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశం. చిన్న పరిశ్రమలకి అప్పట్లో కొన్ని నెలల గడువు ఇచ్చారు గాని మినహాయింపు ఇవ్వలేదు.

ఖాతా నుంచి డబ్బు పోయి ఉంటే ఇవన్నీ తర్వాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, దేశమంతటా అదే నంబరు. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపగలిగితేనే తిరిగి దొరికే ఆశ ఉంటుంది. అందుకని యజమాని వచ్చేదాకా, ఆడిటరు గారిని అడిగేదాకా ఆగకుండా, ముందు చూసినవాళ్లే ఫోన్ చేయాలని ఆఫీసులో అందరికీ, అటెండరుతో సహా, ఇవాళే చెప్పి ఉంచండి.